మెల్లగా అంటే మైక్రోగ్రాము

చుక్కమ్మకి ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు, ఫ్యాక్టరీ పెట్టింది. అంకెల మధ్య చుక్కని ఎటు జరపాలో, ఎన్ని స్థానాలు జరపాలో ఆవిడని అడిగితే చాలు. కాగితం అక్కర్లేదు. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద టకటకా నడుస్తుంది, జవాబు వచ్చేస్తుంది. బ్యాటరీలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, పరీక్షగదిలో తెల్లకోటు తొడుక్కుని కూర్చునే కొద్దిమందిలో ఆవిడ ఒకతె. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పనిలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఒళ్లంతా అసూయ. పక్కవాళ్ల కుర్చీ తన కుర్చీకంటే మెత్తగా ఉందేమోనని కూర్చుని చూసి మరీ లేచే రకం.

ఆ గదిలో పనంతా సాంద్రతలతోనే. ఇంత జాగాలో ఎంత బరువు సరుకు ఇమిడి ఉందో చెప్పడం. వినడానికి ఇంతే, దిగితే తెలుస్తుంది. సీసం ముక్క ఉందనుకోండి. సెంటీమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ముక్క పదకొండు గ్రాములకు పైనే తూగుతుంది. అదే సీసంతో మీటరు పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న పెట్టె నింపితే పదకొండు టన్నుల పైమాట. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఘనపు మీటరులో ఘనపు సెంటీమీటర్లు పది లక్షలు కదా అని పది లక్షలతో గుణించేసి, వచ్చినవి కిలోలనుకుని సంబరపడతారు. వచ్చినవి గ్రాములు తల్లీ! వెయ్యితో భాగిస్తేనే కిలోలు. "పది లక్షలు ఎక్కావు సరే, వెయ్యి దిగవేం?" అని చుక్కమ్మ కసిరేది.

అదే సీసం గాలిలో దుమ్ముగా తేలుతుంది. సీసం కరిగించి అచ్చుల్లో పోసే పోత షెడ్డులో, మనుషులు పీల్చే గాలి ఒక ఘనపు మీటరు పట్టి చూస్తే అందులో సీసం ముప్ఫయ్యో నలభయ్యో మైక్రోగ్రాములు. యాభై దాటకూడదని అక్కడి లెక్క. మరి పెట్టెడు సీసం దిమ్మనీ ఈ దుమ్మునీ ఒకే కొలతలో చెప్పమంటే? దిమ్మలో ఉన్నవి పదకొండు లక్షల కోట్ల మైక్రోగ్రాములు! చుక్కమ్మ ఈ మాట కళ్లు మూసుకుని చెప్పేది. విన్నవాడు నోరు తెరవాలి. తెరవకపోతే ఇంకోసారి చెప్పేది.

ఇంతటి మనిషికీ ప్రాణం ఒకరి మీదే. వదిన. సొంత అన్న పెళ్లాం. అన్నయ్య పోత షెడ్డులో పని చేస్తాడు, వదిన పరీక్షగదిలో త్రాసు దగ్గర. చుక్కమ్మని ఆ గదిలోకి తీసుకొచ్చి, చేయి పట్టి పని నేర్పింది వదినే. ఆడపడుచూ వదినా అంటే కస్సుబుస్సులే అనుకుంటారు కదా జనం, వీళ్లిద్దర్నీ చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు. మంచాన పడిన తల్లికి సేవ చేసినప్పుడు, మొగుడు పోయి చుక్కమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయినప్పుడు, ఉన్నది వదినే. అన్నయ్యది ముక్తసరి వాలకం. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, "అంతా బాగేనా?" అని, జవాబు వినకుండానే లేచిపోతాడు.

త్రాసు ఊపిరి గాలికి కూడా కదిలిపోతుంది కాబట్టి దాన్ని అద్దాల గదిలో పెట్టారు. ఆ గదికీ బయటి బల్లకీ మధ్య పళ్లెం పట్టేంత కిటికీ. లోపల వదిన ఫిల్టరు కాగితాలు ఒక్కొక్కటే తూచి, మిషను చూపించిన అంకె పలుకుతుంది. బయట చుక్కమ్మ రాస్తుంది, అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి పెడుతుంది. ఏ కాగితం ఎక్కడి గాలిదో రాసేవాళ్లకి తెలియకూడదని నియమం. తెలిస్తే చెయ్యి వంకర పోతుందని ఇన్‌ఛార్జిగారి భయం. అందుకని నమూనా నంబరూ, అంకే, కొలతా మాత్రమే పలకాలి. ఏ నంబరు ఎక్కడిదో తర్వాత ఆయన తన గదిలో సరిచూసుకుంటాడు.

నియమం నియమమే, వదినా ఆడపడుచుల దారి వాళ్లదే. రోజంతా 'మైక్రోగ్రాములు పర్ క్యూబిక్ మీటరు' అని పలుకుతూ కూర్చుంటే నాలుక పిడచకట్టుకుపోదూ? కొన్నాళ్లకి కొలత పేరు ఎగిరిపోయింది, గొంతు మిగిలింది. షెడ్డు గాలి మైక్రోగ్రాముల్లో తూగుతుంది, అది వదిన మెల్లగా చెప్పేది. పొగగొట్టంలో పట్టిన గాలి మిల్లీగ్రాముల్లో తూగుతుంది, అంటే వెయ్యి రెట్లు, అది గట్టిగా చెప్పేది. సీసం దిమ్మ సాంద్రత అయితే బల్ల మీద ఒక్క దెబ్బ వేసి మరీ చెప్పేది. మెల్లగా చెప్పినప్పుడు చుక్కమ్మ కిటికీకి చెవి ఆనించేది. ఆ మెల్లగొంతులోనే, అంకెకీ అంకెకీ మధ్య, "మీ అన్నయ్య రాత్రి మళ్లీ తలుపు గొళ్లెం మరిచిపోయాడే" వంటి కబుర్లు కూడా వచ్చేవి. ఇన్నేళ్లలో ఒక్క తప్పు లేదు. ఈ సంగతి మూడో కంటికి తెలియదు. తెలియదన్నదే చుక్కమ్మకి గొప్ప.

అలా ఉండగా వచ్చిపడింది కొత్తావిడ.

వేరే ఊళ్లోని శాఖ నుంచి బదిలీ. కోటు ఎప్పుడూ ఇస్త్రీ నలగదు. మాట తీయన. చుక్కమ్మ చూసిన మొదటి గంటలోనే ఆవిడకి 'ఇస్త్రీ పెట్టె' అని పేరు పెట్టేసి, ఆ పేరుకి ఎవరూ నవ్వకపోయేసరికి ఇంకా మండిపడింది. నమూనాలు పెరిగాయని, రాసేవాళ్లు మారుతుండాలని ఇన్‌ఛార్జిగారు కొత్తావిడని కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. చుక్కమ్మని యాసిడ్ బల్లకి పంపారు. గాజు గొట్టాన్ని యాసిడ్‌లో వదిలి, అది ఎంతవరకు మునిగిందో చూసి, 'ఒకటి పాయింటు రెండు ఎనిమిది' అని రాసుకోవడం. వెయ్యితో గుణిస్తే పన్నెండు వందల ఎనభై కిలోలు. ఇదొక పనా! చుక్క జరిపితే మూడు స్థానాలు, కూర్చుంటే పొద్దు పోదు.

యాసిడ్ బల్ల నుంచి కిటికీ బాగా కనిపిస్తుంది. అది ఇంకో శిక్ష. కొత్తావిడ ఏదో అంటుంది, అద్దాల వెనక వదిన నవ్వుతుంది. ఆ నవ్వు చుక్కమ్మకి తెలియనిది కాదు. కళ్లు చిట్లించి, పైపెదవి మీద వేలు పెట్టుకుని నవ్వే నవ్వు అది. తను చెబితే వచ్చే నవ్వు! అంత నవ్వు తెప్పించే మాట ఏం చెప్పి ఉంటుంది ఆ మొహం?

మధ్యాహ్నం తిండి దగ్గర కొత్తావిడ డబ్బా తెరిచి, "అక్కా, మీరు ముందు తీసుకోండి" అంది వదినతో.

"ఎవరికి అక్క?" అంది చుక్కమ్మ, అనకూడదనుకుంటూనే.

"పెద్దావిడ కదండీ, అక్కా అంటే తప్పేముంది?" కొత్తావిడ నవ్వింది. "మిమ్మల్ని కూడా అక్కా అననా?"

"అక్కర్లేదు. నాకు ఉన్న చుట్టాలు చాలు."

వదిన ముఖం చిన్నబుచ్చుకుంది. ఇంటికి వెళ్లేటప్పుడు దారిలో, "ఏమే, అంత పుల్ల విరిచినట్టు మాట్లాడాలా? ఊరు కాని ఊరొచ్చింది పాపం" అంది.

"పాపమేం పాపం! దూరేవాళ్లు ఎక్కడైనా దూరతారు. నీకేం, కొత్త నీరొచ్చింది, పాత నీరు పోతుంది."

"నీతో పడలేనమ్మా తల్లీ" అని వదిన నవ్వేసింది. నవ్వేసిందంటే ఇంకా దూరం కాలేదన్నమాటే. కానీ అసూయతో కళ్లు మూసుకుపోయిన మనిషికి అది కనిపిస్తుందా? చుక్కమ్మ మర్నాడే ఇన్‌ఛార్జిగారి గదికి వెళ్లి, కొత్తావిడ చెయ్యి మెల్లగా సాగుతోందని, తనని మళ్లీ కిటికీ దగ్గర వేస్తే పని చకచకా తెములుతుందని చెప్పి వచ్చింది. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. అడిగింది ఇవ్వలేదు, చాడీ చెప్పిన మచ్చ మాత్రం మిగిలింది. మంచి పనే అయింది, నేనైతే అంతే అంటాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక పొద్దున యాసిడ్ సీసాలు తీసుకెళుతూ చుక్కమ్మ కిటికీ పక్కగా నడిచింది. కొత్తావిడ కిటికీకి చెవి ఆనించి ఉంది. లోపల వదిన మెల్లగా ఏదో పలికింది. కొత్తావిడ రాసుకుంది. తర్వాత వదిన గట్టిగా ఒక అంకె చెప్పింది. కొత్తావిడ చుక్కని మూడు స్థానాలు జరిపి రాసుకుంది. కొలత పేరు ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు.

చుక్కమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నేర్పేసింది! తమ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని, ఇన్నేళ్లు మూడో కంటికి తెలియనివ్వనిదాన్ని, నిన్న గాక మొన్న వచ్చినదాని చేతిలో పెట్టేసింది! పాత గాజులు ఎవరికో తీసి ఇచ్చేసినట్టు ఇచ్చేసింది. చుక్కమ్మ సీసాలు బల్ల మీద ఠాప్పున పెట్టింది.

ఆ వారంలోనే కొత్తావిడ పొగగొట్టం దగ్గర నమూనాలు పట్టడానికి వెళ్లాల్సి వచ్చింది. ఆ పూటకి తన బదులు కిటికీ దగ్గర కూర్చోమని ఆవిడే చుక్కమ్మకి చెప్పి వెళ్లింది. అన్నాళ్లూ కోరుకున్న కుర్చీ. కూర్చుంది. కానీ మొహం గంటు పెట్టుకుని కూర్చుంది.

"వచ్చావా చుక్కా!" అంది వదిన కిటికీలోంచి, సంతోషంగానే.

చుక్కమ్మ తల వంచుకుని కాగితాలు సర్దుతోంది.

"ఏమైందే?"

"ఏమవుతుంది? మెల్లగా చెప్పినా గట్టిగా చెప్పినా రాసుకునే మనిషి దొరికిందిగా నీకు. నాతో ఏం పని?"

వదిన ఒక్క క్షణం తెల్లబోయింది. "దానికేనా? పని తొందరగా అవుతుందని చెప్పానే. ఆ అమ్మాయి ప్రతిదానికీ కొలత అడుగుతోంది, నోరు నొప్పి పుట్టి..."

"అవునులే. నీ నోటికి సుఖమైతే చాలు. రేపు అన్నయ్యని కూడా ఎవరికైనా అప్పగించు, ఇంకాస్త తొందరగా అవుతుంది!"

ఛీ! అనేసింది. అనగానే నాలుక కరుచుకుంది కూడా. ఇలాంటి మాట ఎవరంటారండీ, బుద్ధి ఉన్నవాళ్లు? వదిన ముఖం ఎర్రగా కందిపోయింది. ఎన్నడూ కోపంతో గొంతు పెంచని మనిషి, పళ్లెం ముందుకు లాక్కుని, ఫిల్టరు కాగితం త్రాసు మీద పడేసి, గదంతా వినపడేలా అరిచింది.

"నమూనా పదిహేడు! ముప్ఫై ఎనిమిది!"

చుక్కమ్మ కలం పట్టుకుంది. గట్టిగా అంటే మిల్లీగ్రాములు. చుక్క మూడు స్థానాలు జరిగింది. ముప్ఫై ఎనిమిది వేలు.

"పద్దెనిమిది! నలభై ఒకటి!"

నలభై ఒక్క వేలు.

ఒక అనుమానం రాకపోలేదు. పొగగొట్టం నమూనాలు పట్టడానికి కొత్తావిడ ఇప్పుడే కదా వెళ్లింది, ఇవి ఎక్కడివి? నిన్నటివేమో. వదిన అరుస్తోంది కోపంతోనా, కొలతతోనా? ఒక్క మాట అడిగితే సరిపోయేది. "మిల్లీనా, మైక్రోనా?" అంతే. కానీ అడగాలంటే తను ముందు నోరు విప్పాలి. ముందు నోరు విప్పితే తగ్గినట్టు. నేనెందుకు తగ్గాలి, తనే అడగాలి, తనే బతిమాలాలి అనుకుంది చుక్కమ్మ. అనుకుని పళ్లెంలోని కాగితాలన్నీ అయ్యేదాకా వేలల్లోనే రాసింది. కాగితం తీసుకెళ్లి, ఇన్‌ఛార్జిగారు గదిలో లేకపోతే ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది. లోపల వదిన ముక్కు తుడుచుకుంటోంది. చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

ఎంతోసేపు పట్టలేదు. పోత షెడ్డు వైపు నుంచి సైరను మోగింది. కరిగే సీసం కరిగినట్టే వదిలేసి మనుషులంతా బయటికి పరుగెత్తారు. ఇన్‌ఛార్జిగారు ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు షెడ్డు ఖాళీ చేయించి, తర్వాత మాట్లాడాలన్నది నియమం. యాభై దాటకూడని చోట ముప్ఫై ఎనిమిది వేలు అని కాగితం మీద ఉంటే ఏ మనిషైనా అదే చేస్తాడు.

పరీక్షగదిలోకి ఎవరో వచ్చి, "షెడ్డు గాలంతా సీసమంట! లోపలున్నవాళ్లకి రక్తాలు తీస్తున్నారు!" అని అరిచారు.

వదిన అద్దాల తలుపు తోసుకుని పరుగెత్తింది. కోటు గుండీ తలుపుకి పట్టుకుని తెగిపోయింది, చూసుకోలేదు. వెనకే చుక్కమ్మ. బయట వరండాలో పోత షెడ్డు వాళ్లంతా బారుగా కూర్చుని ఉన్నారు. వరసలో అన్నయ్య. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది, మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. ముక్తసరి మనిషి అప్పుడూ, "ఏం లేదు, ఏం లేదు" అంటున్నాడు కానీ పెదాలు తెల్లగా పాలిపోయాయి.

వదిన ఆయన ముందు కూలబడింది. "దగ్గొస్తోందా? కడుపులో నొప్పుందా? పొద్దున్నే తలనొప్పి అన్నావు, నేనే పట్టించుకోలేదు" అంటూ ఆయన మొహం రెండు చేతులతో తడుముతోంది. ఏళ్ల తరబడి ఏ గాలి తూచిందో ఆ గాలే మొగుణ్ని తినేస్తోందని ఆ మనిషి అనుకుంటోంది. ఆ ఏడుపు చూసేసరికి చుక్కమ్మకి అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. పదిహేడూ పద్దెనిమిదీ షెడ్డువి. వదిన అరిచింది తన మీద.

చెప్పాలని ఒక అడుగు ముందుకు వేసింది. ఆలోగా పొగగొట్టం దగ్గర్నుంచి కొత్తావిడ పరుగెత్తుకొచ్చి వదిన భుజాలు పట్టుకుంది. వదిన ఆవిడ కోటులో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంత జరుగుతున్నా, తప్పంతా తనదేనని తెలిసి కూడా, చుక్కమ్మ కళ్లు ఆ కోటు మీదే ఉన్నాయి. ఏడవడానికి కూడా దాని దగ్గరికే వెళ్లాలా? పాడు బుద్ధి, చావదు కదా!

ఇన్‌ఛార్జిగారు కాగితం పట్టుకుని వచ్చారు. "ఈ వారం రాస్తున్నది కొత్తావిడే కదా? ఏమ్మా, ఈ అంకెలు మీరు రాసినవేనా?"

కొత్తావిడ కాగితం చూసి తెల్లమొహం వేసింది. ఊరుకుంటే చాలు. ఆ ఒక్క నిమిషం ఊరుకుంటే కొత్తావిడ పని అయిపోతుంది. చుక్కమ్మకి ఆ ఆలోచన వచ్చింది, రాలేదని నేను అబద్ధం చెప్పను. కానీ ఎదురుగా వదిన మళ్లీ అన్నయ్య ముందు కూలబడి, ఆయన చేతి మీది దూదిని నిమురుతోంది.

"నేను రాశానండీ" అంది చుక్కమ్మ. "షెడ్డు గాలి బాగానే ఉంది. మైక్రోగ్రాములని మిల్లీగ్రాములనుకుని వేలల్లో రాసేశాను. ముప్ఫై ఎనిమిదే. వేలు కాదు. అన్నయ్యకి ఏం కాలేదు వదినా."

ఇన్‌ఛార్జిగారికి అర్థం కాలేదు. "కొలత చెప్పలేదా లోపల్నుంచి?"

చెప్పాల్సి వచ్చింది. మెల్లగా అంటే ఏమిటో, గట్టిగా అంటే ఏమిటో, అందరి ముందూ, రక్తం తీసే మనుషుల ముందూ చెప్పాల్సి వచ్చింది. ఆయన నోరు తెరిచి విన్నాడు.

"గొంతుని బట్టి కొలతా?" అన్నాడు చివరికి. "మరి ఇవాళ షెడ్డు కాగితాలకి ఎందుకు అరిచారమ్మా?"

వదిన కళ్లు తుడుచుకుంది. చుక్కమ్మ వైపు చూడలేదు. "కోపం వచ్చిందండీ" అంది. "ఈవిడ ఒక మాట అంది."

"అనుమానం రాలేదా మీకు?" అని ఆయన చుక్కమ్మని అడిగాడు.

"వచ్చిందండీ. అడగలేదు."

అప్పుడు చూసింది వదిన. ఆ చూపులో కోపం లేదు. అన్నయ్య మోచేతి మీది దూదిని చూసి, మళ్లీ చుక్కమ్మని చూసి, లేచి నిలబడి, ఆయన్ని నడిపించుకుంటూ కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది.

కాగితాలు మళ్లీ తూచారు, షెడ్డు మళ్లీ తెరిచారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఇన్‌ఛార్జిగారు మంచివాడు, కాకపోతే ఆయన మంచితనమంతా నియమాల్లోనే ఉంటుంది. ప్రతి అంకెకీ కొలత పూర్తిగా పలకాలి, రాసేవాళ్లు తిరిగి పూర్తిగా చెప్పాలి అని గోడ మీద రాయించారు. తప్పు చేసినవాళ్లకే దాని విలువ బాగా తెలుస్తుందని, కిటికీకి లోపల వదిననీ బయట చుక్కమ్మనీ ఖాయంగా వేశారు. కొత్తావిడ యాసిడ్ బల్లకి వెళ్లింది.

కోరుకున్నది చేతికొచ్చింది. కుర్చీ, కిటికీ, వదిన.

మొదటి రోజు చుక్కమ్మ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. వదిన కోటుకి కొత్త గుండీ కుట్టుకుని వచ్చింది, పళ్లెం సర్దుకుంది.

"నమూనా ఒకటి. ముప్ఫై ఆరు మైక్రోగ్రాములు పర్ క్యూబిక్ మీటరు."

"ముప్ఫై ఆరు మైక్రోగ్రాములు పర్ క్యూబిక్ మీటరు" అంది చుక్కమ్మ.

"నమూనా రెండు. ఇరవై రెండు మిల్లీగ్రాములు పర్ క్యూబిక్ మీటరు."

"ఇరవై రెండు మిల్లీగ్రాములు పర్ క్యూబిక్ మీటరు."

రెండూ ఒకే గొంతు. మెల్లగానూ కాదు, గట్టిగానూ కాదు. బస్సులో ఎవరినైనా టైమెంతయిందని అడిగితే చెబుతారే, ఆ గొంతు. అంకెకీ అంకెకీ మధ్య ఏమీ లేదు. పళ్లెం సగం అయ్యేదాకా చుక్కమ్మ ఓర్చుకుంది. ఇక ఉండలేక కిటికీ మీదకి వంగింది.

"వదినా, నేను అన్నది తప్పే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఇంకా కోపంగా ఉందా?"

వదిన త్రాసు మీది అంకె చూస్తూనే ఉంది.

"కోపమేం లేదమ్మా" అంది, అదే గొంతుతో. "పందొమ్మిది మైక్రోగ్రాములు పర్ క్యూబిక్ మీటరు. రాసుకున్నారా?"

రాసుకున్నారా! ఈ 'మీరు' ఎక్కడి నుంచి వచ్చిందో చుక్కమ్మకి తెలియలేదు. ఒక్కసారి అరవవా వదినా, మొన్నటిలా అద్దాలు అదిరేలా నా మీద అరవవా, అందామనుకుంది. లోపల వదిన తొణక్కుండా, ఓపిగ్గా, జవాబు కోసం కాచుకుని ఉంది.

"పందొమ్మిది మైక్రోగ్రాములు పర్ క్యూబిక్ మీటరు" అంది చుక్కమ్మ. "రాసుకున్నానండీ."